సిమ్యులేషన్ సంఘానికి పెద్ద ఎవరు?

2021 జనవరి 26న అమెరికాలో ఒక పరీక్షకు నూకలు చెల్లాయి. వైద్యుల లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో ‘స్టెప్ 2 సీఎస్’ అనే భాగాన్ని ఇక జరపబోమని దాని యజమానులైన రెండు సంస్థలు ప్రకటించాయి. ఒకటి రాష్ట్రాల మెడికల్ బోర్డుల సమాఖ్య, రెండోది నేషనల్ బోర్డ్ ఆఫ్ మెడికల్ ఎగ్జామినర్స్. కొవిడ్ వల్ల 2020 మార్చి నుంచే ఆగి ఉన్న పరీక్ష అది. అమెరికా రెసిడెన్సీకి తయారవుతున్న మన పిల్లల ఇళ్లలో ఈ వార్త విని ఊపిరి పీల్చుకున్నవాళ్లే ఎక్కువ. విదేశీ పట్టభద్రులకు ఫీజే సుమారు 1,600 డాలర్లు. ఆపైన వీసా, విమానం, హోటలు. సెంటర్లు అయిదే: ఫిలడెల్ఫియా, అట్లాంటా, షికాగో, హ్యూస్టన్, లాస్ ఏంజెలిస్. తప్పితే మళ్లీ అంత ఖర్చూ మొదటినుంచి.

అదే వార్త ఇంకొంతమంది పని పోగొట్టింది. ఆ పరీక్షలో ఒక్కో అభ్యర్థి పన్నెండు గదుల్లోకి వెళ్లేవాడు. గదిలో రోగితో 15 నిమిషాలు, బయటికొచ్చాక కేసు రాయడానికి 10 నిమిషాలు. లోపల కూర్చున్న మనిషికి నిజానికి ఏ రోగమూ లేదు. పొట్టలో నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు పాకుతుంది, ఎక్కడ నొక్కితే ముఖం చిట్లించాలి, ఏ సంగతి అడిగితేనే చెప్పాలి, ఏది అడక్కుండానే బయటపెట్టాలి అన్నవన్నీ నేర్చుకుని వచ్చిన మనిషి. స్టాండర్డైజ్డ్ పేషెంట్లు అంటారు వీళ్లను. మనం రోగి పాత్రధారులు అనుకుందాం. ఒకే కేసును పొద్దున ఒకావిడ, మధ్యాహ్నం ఇంకొకావిడ చేసినా ఇద్దరి నొప్పీ ఒకే చోట, ఒకే మోతాదులో ఉండాలి. ఒకరు కాస్త ఎక్కువ మూలిగినా, ఇంకొకరు దాచాల్సిన సంగతి నోరుజారినా ఇద్దరు అభ్యర్థులు రెండు వేరు పరీక్షలు రాసినట్టే. అలా జరక్కుండా చూడటం వెనకాల ఉండే శిక్షకుల పని. కేసు చదివించి, రిహార్సల్ చేయించి, వీడియో చూసి, మార్కుల పట్టిక నింపడంలో ఎవరి చేయి ఎటు వాలుతోందో పట్టుకుని సరిచేస్తారు.

ఈ శిక్షకులకు 2001 నుంచి ఒక సంఘం ఉంది, అసోసియేషన్ ఆఫ్ స్టాండర్డైజ్డ్ పేషెంట్ ఎడ్యుకేటర్స్. దేశంలోకెల్లా పెద్ద రోగి పాత్రధారుల పరీక్షను ఎత్తేసే నిర్ణయం మాత్రం పై రెండు సంస్థలదే. ఈ సంఘానికి అందులో ఓటు లేదు. ఇలాంటప్పుడు ఒక మాట వినిపిస్తుంది. బోధకుల సంఘాలకు డీన్ స్థాయి డాక్టర్లు నాయకులైతే అలాంటి బల్ల దగ్గర ఒక కుర్చీ దొరుకుతుందని. దానికి ఎదురుమాటా ఉంది. రోజూ ఆ పని చేయని మనిషి ఆ కుర్చీలో కూర్చుని ఏం మాట్లాడగలడని. రెండు మాటల్లోనూ బలం ఉంది కాబట్టే తూచి చూడాల్సి వస్తోంది.

ముందు సిమ్యులేషన్ సంఘాల సంగతి, అంటే రోగి పాత్రధారులతోనో బొమ్మలతోనో వైద్యం నేర్పేవాళ్ల సంఘాల సంగతి, క్లుప్తంగా. యూరప్ వాళ్లది అందరికన్నా పాతది, సెసామ్ అంటారు, 1994లో కోపెన్‌హేగన్‌లో పుట్టింది. అమెరికా కేంద్రంగా 2004లో మొదలైన సొసైటీ ఫర్ సిమ్యులేషన్ ఇన్ హెల్త్‌కేర్ వీటిలో బాగా పేరున్నది. నర్సింగ్ వాళ్లకు ఇనాక్సల్ అనే సంఘం వేరే ఉంది. ఏటా ఒక మహాసభ, ఒక పత్రిక, ప్రమాణాల పుస్తకం, బోధకులకు సర్టిఫికెట్ పరీక్ష, సిమ్యులేషన్ సెంటర్లకు గుర్తింపు ఇవ్వడం వీటి పనులు. సభ్యుల్లో మత్తు డాక్టర్లు, ఎమర్జెన్సీ డాక్టర్లు, నర్సింగ్ ప్రొఫెసర్లు, పారామెడిక్‌లు, ఇంజినీర్లు, రంగస్థలం నుంచి వచ్చినవాళ్లు, బొమ్మల్ని నడిపే టెక్నీషియన్లు అందరూ ఉంటారు. వైద్యరంగంలో ఇంత కలగాపులగమైన సంఘం ఇంకోటి ఉండటం అరుదు. ఆపరేషన్ థియేటర్‌లో ఎవరు ఎవరి మాట వినాలో తరతరాలుగా ఖాయమైపోయింది. ఇక్కడ అది ఖాయం కాలేదు. అందుకే అధ్యక్షులు ఎవరన్నది అలంకారానికి సంబంధించిన ప్రశ్న కాకుండా పోయింది.

డాక్టర్ల పక్షం నుంచి మొదలుపెడదాం. చరిత్ర వాళ్ల వైపు చాలానే మాట్లాడుతుంది. 1963లో లాస్ ఏంజెలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో హోవర్డ్ బారోస్ అనే నరాల డాక్టరు రోజ్ మెక్‌విలియమ్స్ అనే మోడల్‌కు ఒక రోగి కథ నేర్పాడు. మల్టిపుల్ స్క్లిరోసిస్‌తో కాళ్లు పడిపోయిన నిజమైన రోగి కథ అది. ఆమె ఆ లక్షణాలన్నీ ప్రదర్శిస్తుంటే విద్యార్థులు పరీక్షించారు. వైద్యశాలలో హాలీవుడ్ వేషాలేమిటని తోటి డాక్టర్లు, పత్రికలు ఎగతాళి చేశాయి. బారోస్ తట్టుకున్నాడంటే ఆయన న్యూరాలజీ ప్రొఫెసరు కావడం ఒక కారణం. ఇదే ఆలోచన ఒక నటికో, నర్సుకో వచ్చి ఉంటే మరుసటి ఏడాదికే మూలపడేదని నా నమ్మకం. 1967లో అదే యూనివర్సిటీలో ఊపిరి పీల్చి, కనురెప్పలు ఆడించే కంప్యూటర్ బొమ్మ ‘సిమ్ వన్’ తయారైంది. దాని వెనక మత్తు డాక్టరు డెన్సన్, విద్యారంగ నిపుణుడు అబ్రహామ్సన్ ఇద్దరూ ఉన్నారు.

ఆ తర్వాత 1980ల చివర, 1990ల మొదట్లో స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ గాబా విమాన పైలట్ల జట్టు శిక్షణను ఆపరేషన్ థియేటర్‌లోకి తెచ్చాడు. ఆయనా మత్తు డాక్టరే. 1985లో ఏర్పడిన అనస్థీషియా పేషెంట్ సేఫ్టీ ఫౌండేషన్ ఇలాంటి పరిశోధనలకు డబ్బు పెట్టింది. ఆస్పత్రుల్లో జరిగే పొరపాట్ల వల్ల అమెరికాలో ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని 1999లో ‘టు ఎర్ ఈజ్ హ్యూమన్’ నివేదిక చెప్పినప్పుడు, సిమ్యులేషన్ కావాలని పైవాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పగలిగినవాళ్లు ఈ డాక్టర్లే. బోస్టన్‌లో ఒక మాల్‌ప్రాక్టీస్ బీమా సంస్థ, సిమ్యులేషన్ కోర్సు చేసిన మత్తు డాక్టర్లకు ప్రీమియంలో రాయితీ ఇచ్చేదాకా విషయం వెళ్లింది. బీమా కంపెనీని ఒప్పించడం కన్నా గట్టి పరీక్ష వైద్యరంగంలో ఏముంది? సొసైటీ ఫర్ సిమ్యులేషన్ ఇన్ హెల్త్‌కేర్ పత్రికకు తొలి సంపాదకుడు కూడా గాబానే. 2006లో మొదలైంది ఆ పత్రిక.

డాక్టరు నాయకుడైతే వచ్చే లాభం ఇంకోటి ఉంది, దాన్ని పైకి చెప్పుకోవడానికి మొహమాటపడతారు. మెడికల్ కాలేజీ డీన్ ఇంకో డాక్టరు ఫోన్ చేస్తే ఎత్తుతాడు. ఎండీ లేని బోధకురాలు చేస్తే, మెసేజ్ పెట్టమని సెక్రటరీ చెబుతుంది. ఇది అన్యాయమే. కానీ సంఘానికి జూన్‌లోపు గ్రాంటు కావాలి, లోకం మారేదాకా గ్రాంటు ఆగదు.

ఇప్పుడు రెండో పక్షం. దీనికీ బారోస్ దగ్గరే ఒక కథ దొరుకుతుంది. రోగి పాత్రధారుల ఆలోచన రావడానికి ముందు న్యూరాలజీ బోర్డు పరీక్షకు నిజమైన రోగుల్నే వాడేవారు. వాళ్లలో ఒకతను, ఒక అభ్యర్థి తనతో మోటుగా ప్రవర్తించాడని కోపం వచ్చి, అరికాలి మీద గీస్తే బొటనవేలు పైకి లేచే లక్షణాన్ని రెండో కాలికి మార్చి చూపించాడు, స్పర్శ తెలియని చోట్లనూ మార్చేశాడు. ఆ సంగతి బారోస్‌కు చెప్పింది కూడా ఆ రోగే. దీనర్థం ఏమిటంటే ఈ విద్యకు తాళంచెవి డాక్టరు జేబులో లేదు, పడక మీద ఉన్న మనిషి చేతిలో ఉంది. ఆ మనిషిని ఎలా చూసుకోవాలి, ఎన్నిసార్లు పరీక్ష చేయించుకుంటే అలసిపోతాడు, ఏ కేసు ఎవరికి ఇవ్వకూడదు అన్నవి తెలిసినవాడే ఈ రంగం నడపాలన్న వాదనకు పునాది అదే.

ఈ పునాది ఎంత లోతైనదో 1970లలో కేంబ్రిడ్జ్, మసాచుసెట్స్‌లో తేలింది. మెడికల్ విద్యార్థులకు స్త్రీల కటి పరీక్ష నేర్పడానికి అప్పట్లో మత్తులో ఉన్న రోగుల మీదో, డబ్బిచ్చి తెచ్చిన స్త్రీల మీదో ఆధారపడేవారు. విమెన్స్ కమ్యూనిటీ హెల్త్ సెంటర్ అనే స్త్రీల బృందం 1975 ప్రాంతంలో హార్వర్డ్ విద్యార్థులకు ఆ పాఠం తామే చెప్పడానికి ముందుకొచ్చింది. పడుకున్న స్త్రీయే పాఠం చెబుతుంది: చేయి ఎలా పెట్టాలి, ఏ మాట అనాలి, నొప్పి ఎక్కడ కలుగుతోంది అని. కొన్నాళ్లకు వాళ్లు షరతులు పెంచారు. పాఠం స్త్రీ విద్యార్థులకే చెబుతాం, నేర్చుకునేవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి, రుసుము పెంచాలి. మెడికల్ కాలేజీలు ఒప్పుకోలేదు, కార్యక్రమం ఆగిపోయింది.

ఈ కథను రెండు పక్షాలూ తమ సాక్ష్యంగా వాడుకోవచ్చు, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతున్నాను. ఆ స్త్రీల షరతులు ఇవాళ చదివితే కొన్ని అతిగానే అనిపిస్తాయి. మగ విద్యార్థికి నేర్పకపోతే రేపు వాడి దగ్గరికి వచ్చే రోగి గతేమిటి? ఒక డాక్టరు మధ్యలో ఉండి ఉంటే రాజీ కుదిర్చి పాఠం నిలబెట్టేవాడని ఒక పక్షం అంటుంది. కానీ ఆ స్త్రీలు అడిగినదాని సారం, పాఠానికి శరీరం ఇచ్చే మనిషికి పాఠం మీద హక్కు ఉండాలన్నది, డాక్టర్లు నడిపిన కార్యక్రమాల్లో దానంతట అది వచ్చేది కాదు. అయోవాలో రాబర్ట్ క్రెట్ష్‌మర్ అనే గైనకాలజిస్టు 1972లోనే స్త్రీలను బోధకులుగా పెట్టుకున్న మాట నిజమే. బోధకులుగా పెట్టుకోవడం ఒక మెట్టు, షరతులు రాసే కలం వాళ్ల చేతికివ్వడం ఇంకో మెట్టు.

ఆ రెండో మెట్టు ఎక్కితే ఎలా ఉంటుందో రోగి పాత్రధారుల శిక్షకుల సంఘం 2017లో ప్రచురించిన ప్రమాణాల్లో కనిపిస్తుంది. అయిదు విభాగాలున్నాయి. సురక్షితమైన పని వాతావరణం, కేసు తయారీ, పాత్రధారుల శిక్షణ, కార్యక్రమ నిర్వహణ, వృత్తిలో ఎదుగుదల. మొదటిది ఏదో చూడండి. పరీక్షలో మార్కులు ఎంత నమ్మదగినవి అన్న ప్రశ్నతో మొదలుపెట్టలేదు వాళ్లు. కేసు చేయడం ఇష్టం లేకపోతే వద్దనే హక్కు, శరీరానికి దెబ్బ తగలకుండా జాగ్రత్త, పాత్ర ఒంటిమీదే మిగిలిపోకుండా దిగి రావడానికి సాయం, ఇవన్నీ ముందు వరసలో పెట్టారు. రోజుకు ఎనిమిదిసార్లు కూతురు చనిపోయిన తల్లి పాత్ర వేసిన మనిషి ఇంటికి ఎలా వెళుతుందో దగ్గర్నుంచి చూసినవాళ్ల వరస అది. డాక్టరు అధ్యక్షుడైతే ఈ వరస వచ్చేది కాదని ఖరాకండీగా అనలేను. కానీ డాక్టరు మనసు ముందు పరీక్ష మీదికి, తర్వాత పాత్రధారి మీదికి పోవడం సహజం. వాళ్ల వృత్తి వాళ్లకు అలా నేర్పింది.

పరిశోధన డాక్టర్లే చేయగలరన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. సిమ్యులేషన్ రంగంలో విధానాలను నిజంగా కదిలించిన అధ్యయనాల్లో ఒకటి నర్సులది. 2014లో అమెరికా నర్సింగ్ బోర్డుల మండలి పది నర్సింగ్ కోర్సుల్లో విద్యార్థులను చదువు పొడవునా గమనించి, ఆస్పత్రి డ్యూటీ గంటల్లో సగందాకా మంచి సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా ఫలితం తగ్గలేదని తేల్చింది. ఏ రాష్ట్రంలో ఎన్ని గంటలు ఒప్పుకోవాలన్న చర్చ ఆ అధ్యయనం చుట్టూ తిరుగుతూనే ఉంది. సొసైటీ ఫర్ సిమ్యులేషన్ ఇన్ హెల్త్‌కేర్‌కు పమేలా జెఫ్రీస్ వంటి నర్సింగ్ ప్రొఫెసర్లు అధ్యక్షులయ్యారు, సంఘం పరువేమీ తగ్గలేదు. బోస్టన్‌లో సెంటర్ ఫర్ మెడికల్ సిమ్యులేషన్‌ను నిలబెట్టిన జెఫ్రీ కూపర్ అయితే డాక్టరే కాదు, బయో ఇంజినీరు. అనస్థీషియా మెషీన్ల దగ్గర మనుషులు ఎలా పొరబడతారో డాక్టర్ల కన్నా ముందు లెక్క తీసినవాడాయన.

ఇంతవరకు చూస్తే తరాజు బోధకుల వైపే మొగ్గుతోందనిపిస్తుంది. కానీ వాళ్ల పక్షంలో ఒక పెద్ద బొక్క ఉంది, దాన్ని వాళ్లే సరిగ్గా ఒప్పుకోరు. డాక్టరు అధ్యక్షుడికి సమయం ఉండదని అంటారు. క్లినిక్, డిపార్ట్‌మెంటు, థియేటరు పోగా సంఘానికి ఆదివారం సాయంత్రం మిగులుతుంది, నిజమే. బోధకురాలి సంగతో? ఆమె కొలువు చాలాచోట్ల ఏడాదికేడాది పొడిగించే కాంట్రాక్టు. మహాసభకు వెళ్లాలంటే సెలవు అడగాలి, టికెట్ డబ్బు అడగాలి. బడ్జెట్ కోత పడితే ముందు పోయేది ఆమె సీటే. తన కాలేజీనే ఎదిరించలేని స్థితిలో ఉన్న మనిషి, అలాంటి కాలేజీలన్నిటికీ ప్రమాణాలు రాసే సంఘానికి పెద్దగా ఉండి ఎంత గట్టిగా మాట్లాడగలదు? డాక్టరుకు ప్రాక్టీసు ఉంది, ఉద్యోగం పోయినా బతుకుతాడు. ఆ భద్రతే ఒక రకం స్వాతంత్ర్యం. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లకు ఉద్యోగం పోయిన అనుభవం లేదనుకోవాలి.

కంపెనీల ఒత్తిడి కూడా ఇందులో కలపాలి. బొమ్మల తయారీదారులు మహాసభల్లో పెద్ద పెద్ద స్టాళ్లు పెడతారు, ఆ డబ్బు మీద సభల ఖర్చు చాలావరకు గడుస్తుంది. నార్వేలో ఆటబొమ్మలు చేసుకునే ఆస్ముండ్ లేర్డాల్ 1960లో సీపీఆర్ నేర్పే ‘రెసుసి ఆన్’ బొమ్మ తయారుచేసిన నాటి నుంచి పరిశ్రమ, బోధన కలిసే పెరిగాయి. కలిసి పెరగడం తప్పు కాదు. ఏ బొమ్మ కొనాలో చెప్పే స్థానంలో ఉన్నవాడు సంఘం నాయకుడూ అయితే కళ్లు తెరుచుకుని ఉండాలి. అమెరికాలో మందుల, వైద్య పరికరాల కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే సొమ్ము చట్టప్రకారం బహిరంగంగా నమోదవుతుంది, ఆ మేరకు డాక్టరు నాయకుడి మీద కాపలా ఉంది. సిమ్యులేషన్ టెక్నీషియన్ మీదో, బోధకురాలి మీదో అలాంటి కాపలా లేదు. సంఘాలు కలిసి 2018లో తెచ్చిన నీతి నియమావళి పారదర్శకతను పెద్ద విలువగా పెట్టుకుంది, కానీ నియమావళి వేరు, చట్టం వేరు. రోగి పాత్రధారుల శిక్షకులకు ఈ బెడద తక్కువని చెప్పొచ్చు. వాళ్ల దగ్గర కంపెనీలు అమ్మడానికి పెద్ద యంత్రం ఏదీ లేదు.

ఇప్పుడు స్టెప్ 2 సీఎస్ దగ్గరికి వద్దాం. పలుకుబడి ఉన్న డాక్టరు నాయకుడైతే ఆ పరీక్ష నిలిచేదా? నేను చూసినంతలో నిలిచేది కాదు. దాన్ని పడగొట్టిందే డాక్టర్లు, కాబోయే డాక్టర్లు. 2013లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం, అమెరికా విద్యార్థులు ఏటా 2 కోట్ల డాలర్లకు పైగా ఫీజులు కడుతున్నారని, నూటికి 95 మందికి పైగా మొదటిసారే గట్టెక్కే పరీక్షకు ఇంత ఖర్చు దేనికని నిలదీసింది. 2016లో హార్వర్డ్ విద్యార్థులు మొదలుపెట్టిన సంతకాల ఉద్యమం దేశమంతా పాకింది. కొవిడ్ చివరి దెబ్బ కొట్టింది. అలాంటి గాలికి ఎదురు నిలవడం ఏ సంఘం అధ్యక్షుడి తరమూ కాదు. డాక్టరు నాయకుడైతే బహుశా తన విద్యార్థుల పక్షాన ఉండేవాడు కూడా.

పరీక్ష పోవడం వల్ల నష్టమే లేదా అంటే ఉంది. విదేశీ పట్టభద్రుల మాటతీరును తూచడానికి తర్వాత ఓఈటీ అనే ఆంగ్ల పరీక్షను తెచ్చారు. మన పిల్లలిప్పుడు అది రాసి వెళుతున్నారు. ఇంగ్లీషులో రోగితో మాట్లాడటం వచ్చా అన్నది అది చూస్తుంది. పొట్ట మీద చేయి పెట్టడం వచ్చా అన్నది చూడదు. ఈ తేడాను నిర్ణయం జరగక ముందే, జరిగే చోటే, గట్టిగా చెప్పగలిగినవాళ్లు ఎవరు? పన్నెండు గదుల వెనకాల కూర్చుని వేలమంది అభ్యర్థుల చేతులు చూసినవాళ్లు. వాళ్ల దగ్గర సమాచారం ఉంది, బల్ల దగ్గర చోటు లేదు. చోటున్నవాళ్ల దగ్గర ఆ సమాచారం లేదు. నాయకత్వం గురించిన చర్చంతా ఈ రెంటినీ ఒకచోటికి తేవడం గురించేనని నాకనిపిస్తుంది.

ఇక మన దగ్గరి మాట. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి నైపుణ్యాల ఆధారిత చదువు వచ్చాక స్కిల్ ల్యాబ్ తప్పనిసరి అయింది. 150 సీట్ల కాలేజీకి కనీసం 600 చదరపు మీటర్ల స్కిల్ ల్యాబ్ ఉండాలని జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2020 నిబంధనల్లో పెట్టింది. తెలంగాణలో, ఆంధ్రలో ఈ కొద్ది ఏళ్లలో పుట్టిన కాలేజీలు లెక్కచూస్తే ఎన్ని ల్యాబులు, ఎన్ని బొమ్మలో ఊహించవచ్చు. వాటిలో కొన్ని తనిఖీ రోజున మాత్రమే ప్లాస్టిక్ కవరు విప్పుకుంటాయి; ఆ సంగతి అందరికీ తెలుసు. ల్యాబ్ ఇన్‌ఛార్జిగా చాలాచోట్ల ఏదో ఒక విభాగపు ప్రొఫెసరు గారికి అదనపు బాధ్యత అప్పగిస్తారు. ఆయన మంచి డాక్టరే అయి ఉంటారు. కానీ హౌస్ సర్జన్లు బొమ్మ ఛాతీ నొక్కుతుంటే పక్కన నిలబడి, నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు, ప్రతి నొక్కుకీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, మోచేతులు వంచొద్దు అని గొంతు పోయేదాకా చెప్పేది తరచూ ఒక నర్సింగ్ ట్యూటరో, టెక్నీషియనో. ‘మేడమ్, చేతులు లాగుతున్నాయి’ అని పిల్లాడంటే, ‘రెండు నిమిషాలకు మార్చుకోండి నాన్నా, పేషెంటు మీ చేతుల కోసం ఆగడు’ అనేది ఆమె. రోగి పాత్రధారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఓస్కీ అనే నైపుణ్య పరీక్షలకు వార్డులో దొరికిన రోగినో, ఖాళీగా ఉన్న ఇంటర్న్‌నో కూర్చోబెడతాం. నాటకాల వాళ్లు ఇన్ని వేలమంది ఉన్న తెలుగునేల మీద వాళ్లకు ఈ పని నేర్పి, కూలి ఇచ్చి పిలుద్దామన్న ఆలోచన ఇంకా సరిగ్గా మొలకెత్తలేదు.

ఇక్కడ రేపు బోధకులంతా కలిసి ఒక సంఘం పెట్టుకుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. హెచ్‌ఓడీ గారు అధ్యక్షులు, ప్రిన్సిపాల్ గారు గౌరవాధ్యక్షులు, ట్యూటరు మేడమ్ జ్యోతి ప్రజ్వలన దగ్గర అగ్గిపెట్టె పట్టుకుని నిలబడతారు. హెల్త్ యూనివర్సిటీ దగ్గరికి వెళ్లాలంటే ప్రొఫెసరు గారు ఉండాల్సిందే కదా అంటారు, అందులోనూ నిజం ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. డాక్టరు రచ్చ గెలిపిస్తాడు, అది చిన్న విషయం కాదు. ఇల్లు ఎవరు గెలుస్తారన్న ప్రశ్నకు మాత్రం హెచ్‌ఓడీ గారి హోదా జవాబు కాదు.

రెండువైపులా బరువు చూశాక నా తీర్పు ఇది. అధ్యక్ష స్థానం వారం వారం బొమ్మ పక్కనో, పాత్రధారి పక్కనో నిలబడి పాఠం నడిపేవారిదే కావాలి, డిగ్రీ ఏదైనా సరే. ఎండీ చదివినవారు ఆ పని చేస్తుంటే వారికీ అదే హక్కు. సర్టిఫికెట్ ఇవ్వడానికే సిమ్యులేషన్ బోధనలో రెండేళ్ల అనుభవం అడిగే సొసైటీలున్న రంగం ఇది. కుర్చీకి అంతకన్నా తక్కువ అడగడం సబబు కాదు. బయట మాట్లాడే పనికి, డీన్లతో, బోర్డులతో, బీమా వాళ్లతో బేరానికి, పేరున్న డాక్టరును ప్రతినిధిగా పక్కన పెట్టుకోవాలి, ఆయన మాట అధ్యక్షురాలి సంతకంతో వెళ్లాలి. ఏడాదికో అధ్యక్షుడు మారే పద్ధతి అమెరికాలో ఉంది. ఎన్నికైనవారు, దిగిపోయినవారు పక్కనే ఉంటారు కాబట్టి అక్కడ నడుస్తోంది. కొత్త సంఘానికి అది పనికిరాదు, కనీసం రెండేళ్లుండాలి. ఈ తీర్పుకు ఒక షరతు ఉంది, అది లేకపోతే మొత్తం కొట్టేయొచ్చు. ఎన్నికైన మనిషికి పదవీకాలంలో నెలకు ఇన్ని రోజులు సంఘం పనికి వదులుతామని, ఆ కారణంగా కాంట్రాక్టు ఆపబోమని ఆమె కాలేజీ లిఖితంగా ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా బోధకురాలిని కుర్చీలో కూర్చోబెట్టడం కన్నా డాక్టరు గారిని కూర్చోబెట్టడమే నయం.

కాబట్టి మన జిల్లాల్లో ఇలాంటి సంఘానికి నియమావళి రాయబోయే వారికి నా విన్నపం. ముసాయిదా రాసే గదిలోకి మొదటిరోజే ఒక నర్సింగ్ ట్యూటరును, ఒక ల్యాబ్ టెక్నీషియన్‌ను, దొరికితే రోగి పాత్ర వేసిన ఒక నటుడిని పిలవండి. సభ్యత్వ రుసుము వాళ్ల జీతాన్ని చూసి పెట్టండి. ఓటు అందరికీ సమానంగా ఇవ్వండి. గౌరవాధ్యక్ష పదవి అనే నిబంధన ముసాయిదాలో ఉంటే, దాన్ని ఇప్పుడే కొట్టేయండి.